బోరుకు వచ్చిన బండి

మా నాన్నగారి జీవితంలో సింహభాగం ఒక కారు స్టీరింగు ముందే గడిచింది. ఆ కారు 1969లో తయారైన అంబాసిడరు, మార్క్ టూ రకం. నాన్నగారు దానిని 1978లో సెకండ్ హ్యాండులో కొని, విజయవాడ రైల్వేస్టేషను ఎదుట టాక్సీగా నడిపారు. 2004లో కంటిచూపు మందగించి స్టీరింగు వదిలేవరకు మా ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టింది ఆ బండే. ఆ తరువాత పదేళ్ళపాటు మా తమ్ముడు దానిని పండుగలకూ పెళ్ళిళ్ళకూ మాత్రమే బయటికి తీసేవాడు. చివరికి పొగ భరించలేక రేకుల షెడ్డులో పెట్టి తాళం వేశాడు. 2022లో దానిని మళ్ళీ నడిపించాలని నేను పూనుకొన్నప్పుడు, ఆ ప్రయత్నమంతా అరచేతిలో ఇమిడే నాలుగు లోహపు ముక్కల మీద ఆధారపడింది. ఆ ముక్కలే పిస్టన్లు.

ఇంజను లోపల జరిగే పని వినడానికి చాలా సరళమైనది. సిలిండరు అనే గుండ్రని గొట్టంలో పిస్టన్ పైకీ కిందికీ కదులుతూ ఉంటుంది. పెట్రోలు కలిసిన గాలిని లోపలికి పీల్చుకోవడం, దానిని నొక్కిపెట్టడం, నిప్పురవ్వ పడి ఆ మిశ్రమం మండినప్పుడు ఆ ఒత్తిడికి కిందికి దిగడం, కాలిన వాయువును బయటికి నెట్టడం అనే నాలుగు పనులనే అది అలుపు లేకుండా చేస్తుంది. అంబాసిడరు పెట్రోలు ఇంజనులో ఇటువంటి సిలిండర్లు నాలుగు. ఒక్కొక్కదాని వ్యాసం 73.025 మిల్లీమీటర్లు, పిస్టన్ ప్రయాణించే దూరం 88.9 మిల్లీమీటర్లు. నాలుగింటి ఘనపరిమాణం కలిపితే 1489 ఘనసెంటీమీటర్లు. ఇంజను నిమిషానికి 2400 సార్లు తిరుగుతున్నదనుకొంటే, ప్రతి పిస్టనూ సెకనుకు నలభైసార్లు ఎక్కి దిగాలి. అంటే దాని సగటు వేగం సెకనుకు సుమారు ఏడు మీటర్లు.

ఇంతటి రాపిడి ఏళ్ళ తరబడి సాగితే ఇనుమైనా అరగక తప్పదు. సిలిండరు గోడ అరిగి, పిస్టన్‌కూ గోడకూ మధ్య సందు పెరిగినప్పుడు, కింద ఉండవలసిన ఆయిలు పైకి ఎగబాకి మండిపోతుంది. వెనుక గొట్టం నుండి నీలిరంగు పొగ వస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు బండి లాగలేకపోతుంది. ఈ స్థితినే మన షెడ్లలో ‘బండి బోరుకు వచ్చింది’ అంటారు. అరిగిన సిలిండరును యంత్రంతో కొద్దిగా తొలిచి, మళ్ళీ గుండ్రంగా చేసి, పెరిగిన వ్యాసానికి తగిన పెద్ద పిస్టన్లు వేయడమే దీనికి వైద్యం. ఈ పెద్ద పిస్టన్లు అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన పది, ఇరవై, ముప్పై, నలభై సైజులుగా వస్తాయి. కారు కర్మాగారం నుండి వచ్చినప్పటి కొలతను ‘స్టాండర్డు’ అంటారు. అంటే ఒక ఇంజను తన జీవితకాలంలో ఎక్కదగిన మెట్లు నాలుగే. నలభై సైజు దాకా వెళ్ళిన బ్లాకుకు ఆపైన మెట్టు లేదు. మా బండి నలభై సైజులోనే ఉన్నది.

ఆ సంగతి నాకు నాన్నగారి నోటుపుస్తకం వల్ల తెలిసింది. ఆయన చదివినది అయిదో తరగతి వరకే. అయినా బండికి చేయించిన ప్రతి పనినీ తేదీతో సహా రాసి ఉంచారు. టైర్లు, బ్రేకు లైనింగులు, బ్యాటరీ, వాటి మధ్యనే ఇంటి బియ్యం, కిరసనాయిలు, మా ఫీజులు – అన్నీ ఒకే పద్దులో కలిసి ఉన్నాయి. 1984 నాటి పుటలో ‘బోరు, 20 సైజు’ అని ఉంది. 1990 నాటి పుటలో ఇలా ఉంది: ‘మేస్త్రి 30కి కొట్టిస్తే చాలన్నాడు. ఆగాము. అమ్మాయి చదువు.’ తరువాత మూడేళ్ళ పుటల నిండా ఆయిలు డబ్బాల లెక్కలే. 1993లో మళ్ళీ ‘బోరు, 40 సైజు. 30కి క్లీను కాలేదు’ అని రాసి ఉంది.

ఆ మాటలకు అర్థం తెలుసుకోవడానికి నాకు కొంత సమయం పట్టింది. 1990లో నేను ఇంటర్మీడియట్ చదువుతున్నాను. ఇంజనుకు పెట్టవలసిన డబ్బు నా చదువుకు పెట్టారు. బండిని అరిగిన సిలిండర్లతోనే మరో మూడేళ్ళు తిప్పారు. ఆ మూడేళ్ళలో గోడలు మరింత అరిగి, ముప్పై సైజుకు తొలిచినా గీతలు పోలేదు. అందుచేత ఒక మెట్టు దాటి నేరుగా చివరి మెట్టుకు పోవలసి వచ్చింది. ఆ రోజులలో కారు డిక్కీలో ఎప్పుడూ ఒక ఆయిలు డబ్బా ఉండేది. అది ఎందుకున్నదో మేము అడగలేదు, ఆయన చెప్పలేదు. నేను భౌతికశాస్త్రం చదివి, జూనియర్ కళాశాలలో అధ్యాపకురాలినయ్యాను. ఆ ఇంజను నా కోసం ఒక సైజు పోగొట్టుకొన్నదన్న సంగతి ముప్పై ఏళ్ళ తరువాత ఒక పాత పద్దు చెప్పింది.

ఆటోనగర్‌లోని మేస్త్రిగారు పన్నెండేళ్ళ వయసులో స్పానర్లు అందించే కుర్రవాడిగా పనిలో చేరినవారు. నాన్నగారిని ‘బాబాయిగారూ’ అని పిలుస్తారు. ఆయన మా ఇంటికి వచ్చి, నాలుగు ప్లగ్గులూ విప్పి, ఒక్కొక్క సిలిండరులో ఒత్తిడి ఎంత నిలుస్తున్నదో కొలిచారు. నాలుగింటిలోనూ ముల్లు చాలా కిందనే ఆగింది. అప్పుడు ప్లగ్గు రంధ్రం గుండా ఒక చెంచాడు ఆయిలు పోసి మళ్ళీ కొలిచారు. ఈసారి ముల్లు పైకి లేచింది.

“వాల్వులు లీకైతే ఆయిలు పోసినా ముల్లు లేవదు, చెల్లెమ్మా. ఇది లేచింది. అంటే ఆయిలు పోయి సందు పూడ్చింది. జబ్బు గోడల్లోనే ఉంది” అన్నారు. ఏ ప్రయోగశాలలోనైనా నిలువగల తర్కమది.

ఇంటిలో మూడు అభిప్రాయాలు వినిపించాయి. బండిని పాత ఇనుము కింద తూకానికి ఇచ్చివేయడం మొదటిది. మరేదైనా కారు ఇంజనును తెచ్చి అందులో బిగించడం రెండవది. ఇది మా తమ్ముడి మాట. ఈ రెండవ దారికి ఒక చిక్కు ఉన్నది. 2021లో కేంద్రప్రభుత్వం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నియమాలను ప్రకటించింది. యాభై ఏళ్ళు దాటి, ఛాసిస్సులోను, బాడీలోను, ఇంజనులోను పెద్ద మార్పులు లేకుండా మొదటి రూపంలో ఉన్న వాహనాలకు ‘వీఏ’ అనే అక్షరాలతో వేరే రిజిస్ట్రేషను ఇస్తారు. ఇంజను మారిస్తే ఆ గౌరవం దక్కదు. పాత ఇంజనునే బాగుచేయడం మూడవ దారి. నాన్నగారిని అడిగితే, షెడ్డు వైపు చూడకుండానే, “ఇనుముతో ఏం మమకారమమ్మా, అమ్మేయండి” అన్నారు. తనకు అక్కరలేని వస్తువును గురించి చెప్పే మనిషి దాని వైపు చూడటానికి జంకడు. ఆయన చూడకపోవడమే నాకు జవాబయింది.

నలభై సైజు దాటిన బ్లాకును బ్రతికించే ఉపాయం ఒకటున్నది. సిలిండరును బాగా వెడల్పుగా తొలిచి, అందులోకి స్లీవ్ అనే కొత్త ఇనుపగొట్టాన్ని ఒత్తిడితో దించి, ఆ గొట్టాన్ని కావలసిన వ్యాసానికి తొలుచుకోవచ్చు. అయితే బ్లాకు గోడకు అవతల ఇంజనును చల్లబరిచే నీళ్ళు తిరిగే అర ఉంటుంది. యాభై ఏళ్ళ తుప్పు ఆ గోడను ఎంత పలచన చేసిందో పైకి కనబడదు. తొలిచేటప్పుడు గోడ చిల్లుపడితే ఆ బ్లాకు కథ ముగిసినట్లే.

మేస్త్రిగారు మరొక నియమం కూడా పెట్టారు. “పిస్టన్లు నా చేతిలో పడందే బ్లాకును బోరుకు పంపను. సిలిండరును బట్టి పిస్టన్ కాదు, పిస్టన్‌ను బట్టి సిలిండరు. ముందు చెప్పులు కొని తరువాత కాలు కోసుకొన్నట్టు అనిపించినా, ఇక్కడ అదే పద్ధతి” అని నవ్వారు. నిజమే. పిస్టన్ కర్మాగారంలో తయారై వస్తుంది. దానిని మనం మార్చలేము. సిలిండరును మాత్రం దాని కొలతకు తగినట్లు వెంట్రుకవాసి తేడాతో తొలుచుకోవచ్చు. అందువల్ల అన్వేషణ పిస్టన్లతోనే మొదలైంది.

అంబాసిడరు సామాన్యమైన బండి కాదు. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారును ఆధారంగా చేసుకొని హిందూస్థాన్ మోటార్స్ సంస్థ బెంగాలులోని ఉత్తర్‌పారా కర్మాగారంలో దీనిని 1950ల చివరి నుండి తయారు చేసింది. మంత్రుల కాన్వాయిలలోను, టాక్సీ స్టాండులలోను అర్ధశతాబ్దానికి పైగా అదే కనిపించింది. 2014 మే నెలలో ఉత్తర్‌పారాలో ఉత్పత్తి ఆగిపోయింది. ఒకప్పుడు ప్రతి ఊరిలోని స్పేరు పార్టుల కొట్టులోనూ దొరికిన వస్తువులు క్రమంగా అటకలెక్కాయి. కొన్ని పాత ఇనుములో కలిసిపోయాయి.

విజయవాడ ఆటోనగర్‌లో మొదట దొరికినవి డీజిల్ అంబాసిడరు పిస్టన్లు. డీజిల్ ఇంజను కూడా 1489 ఘనసెంటీమీటర్లదే. దాని సిలిండరు వ్యాసమూ 73.025 మిల్లీమీటర్లే. పైపైన చూసేవారికి ఇది అదృష్టంగా తోస్తుంది. మేస్త్రిగారు ఒకదానిని చేతితో పైకెత్తి చూసి, పెట్టెలో పెట్టివేశారు. డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ ఉండదు. గాలిని అతిగా నొక్కడం వల్ల పుట్టే వేడికే ఇంధనం అంటుకొంటుంది. ఆ ఒత్తిడికి తగినట్లు దాని పిస్టన్ నిర్మాణమే వేరుగా ఉంటుంది. వ్యాసం ఒకటైనంత మాత్రాన వస్తువు ఒకటి కాదు. ఒకే ఎత్తున్న ఇద్దరు మనుషులు ఒకే పని చేయలేనట్లే ఇదీను.

హైదరాబాదు రాణీగంజ్‌లో ఇరవై సైజు పెట్రోలు పిస్టన్ల పూర్తి సెట్టు ఒకటి కనిపించింది. మైనపు కాగితం కూడా విప్పని సరుకు అది. కొత్త స్లీవును ఏ సైజుకైనా తొలుచుకోవచ్చు కనుక, ఆ సెట్టుతో పని జరిగిపోతుంది. మేస్త్రిగారు ఫోనులో “తెచ్చేయండి, చెల్లెమ్మా” అన్నారు. నేను కొట్టువాడితో రెండు వారాల గడువు అడిగి, ఉత్తచేతులతో తిరిగి వచ్చాను. ఎందుకంటే ఇరవై సైజుతో మొదలుపెడితే, ముందు తరం వారికి మిగిలేవి రెండే మెట్లు. స్టాండర్డుతో మొదలుపెడితే పది, ఇరవై, ముప్పై, నలభై – నాలుగు మెట్లూ మళ్ళీ మిగులుతాయి. 1990లో దాటిపోయిన ఆ ముప్పై కూడా అందులో ఉంటుంది. ఈ కారణం మేస్త్రిగారికి చెబితే ఆయన కాసేపు మాట్లాడలేదు. “సరే, స్టాండర్డే వెతుకుదాం” అన్నారు.

స్టాండర్డు పిస్టన్లు దొరకడం నిజంగా కష్టం. బాగుచేసే కొట్లలో అరిగిన ఇంజనులకు వేసే పెద్ద సైజులే ఎక్కువగా ఉంటాయి. నేను రెండవ శనివారం చూసుకొని పినాకినీ ఎక్స్‌ప్రెస్‌లో చెన్నైకి వెళ్ళాను. పాత వాహనాల విడిభాగాలకు పేరుపొందిన పుదుపేటలో విప్పిన ఇంజనులు గుట్టలుగా పడి ఉన్నాయి గాని, అందులోని పిస్టన్లన్నీ ఒకసారి అరిగినవే. దానికి దగ్గరలోనే ఉన్న జనరల్ ప్యాటర్స్ రోడ్డులో ఒక పాత కొట్టు యజమాని నిచ్చెన వేసుకొని అటక ఎక్కి, దుమ్ముపట్టిన పెట్టె ఒకటి దించారు. అందులో స్టాండర్డు సైజు పిస్టన్లు మూడే ఉన్నాయి. నాలుగవ గూడు ఖాళీ. ఎప్పుడో ఒక అవసరానికి ఎవరికో ఒకటి విడిగా అమ్మినట్లున్నారు. మూడింటినీ కొన్నాను.

నాలుగవది కలకత్తాలో దొరికింది. నా పూర్వవిద్యార్థి ఒకడు అక్కడ ఉద్యోగం చేస్తున్నాడు. పాత కార్ల విడిభాగాలకు నెలవైన మల్లిక్ బజారులో వాడు రెండు ఆదివారాలు తిరిగాడు. ఉత్తర్‌పారా అక్కడికి దగ్గర. అంబాసిడరు టాక్సీలు ఆ నగరంలో దశాబ్దాలపాటు తిరిగాయి. అందువల్ల అక్కడ ఆశ ఎక్కువ. వాడు పంపిన ప్రతి ఫొటోకూ మేస్త్రిగారు అడిగిన ప్రశ్నలు మూడే: తల ఏ ఆకారంలో ఉంది? రింగుల గాడులు ఎన్ని? పిన్ను రంధ్రం నుండి తల అంచు వరకు ఎంత దూరం? మూడింటికీ సరైన జవాబు వచ్చిన రోజున పిస్టన్ పార్సిలులో బయలుదేరింది.

నాలుగూ ఒక బల్ల మీదికి చేరాక వాటిని తూయవలసి వచ్చింది. సెకనుకు ఎనభైసార్లు దిశ మార్చుకొనే వస్తువులలో ఒకటి బరువుగా, ఒకటి తేలికగా ఉంటే ఇంజను వణుకుతుంది. మేస్త్రిగారు వాటిని ఒక గుడ్డసంచిలో వేసుకొని, తనకు తెలిసిన బంగారు కొట్టుకు తీసుకొని వెళ్ళారు. నగలు తూచే త్రాసులో నాలుగు పిస్టన్లు ఒకదాని తరువాత ఒకటి కూర్చున్నాయి. చెన్నైవి మూడూ రెండు గ్రాముల తేడాలో ఉన్నాయి. కలకత్తాది మాత్రం తొమ్మిది గ్రాములు ఎక్కువ తూగింది. మేస్త్రిగారు షెడ్డుకు వచ్చి, పిస్టన్ లోపలివైపు బలానికి అవసరం లేని దిమ్మ దగ్గర సన్నని ఆకురాయితో కొంచెం కొంచెంగా రాసి, మూడుసార్లు మళ్ళీ తూయించి, నాలుగింటినీ సమం చేశారు. బంగారు కొట్టు ఆసామి తూకానికి డబ్బు పుచ్చుకోలేదు.

తూకం తరువాత కొలత. ఇక్కడ పాఠకులకు ఒక విచిత్రం చెప్పాలి. పిస్టన్ గుండ్రంగా కనిపిస్తుంది గాని, నిజానికి గుండ్రనిది కాదు. పిన్ను ఉన్న దిశలో దాని వ్యాసం కొద్దిగా తక్కువ. దానికి అడ్డదిశలో కొద్దిగా ఎక్కువ. తల దగ్గర సన్నగా, కింద వెడల్పుగా ఉంటుంది. ఇది తయారీలోని లోపం కాదు, తయారుచేసినవారి వివేకం. పిస్టన్ అల్యూమినియం మిశ్రమలోహంతో చేసినది. సిలిండరు పోత ఇనుము. వేడికి అల్యూమినియం ఇనుముకన్నా ఇంచుమించు రెండింతలు వ్యాకోచిస్తుంది. మంట తగిలే తల ఎక్కువగా, దళసరి లోహం ఉన్న పిన్ను వైపు ఎక్కువగా పెరుగుతుంది. చల్లగా ఉన్నప్పుడు వంకరగా ఉన్నది వేడెక్కినప్పుడు గుండ్రనవుతుంది. అందుకే మేస్త్రిగారు పిస్టన్‌ను కింది అంచు దగ్గర, పిన్నుకు అడ్డంగా మాత్రమే కొలిచి, ఒక్కొక్కదాని మీద సుద్దముక్కతో ఒకటి, రెండు, మూడు, నాలుగు అని అంకెలు వేశారు. ఏ పిస్టన్ ఏ సిలిండరులోకి వెళ్ళాలో అప్పుడే నిర్ణయమైంది.

పిస్టన్ సిలిండరును అంటిపెట్టుకొని ఉండాలని చాలామంది అనుకొంటారు. అలా ఉంటే నాలుగు మైళ్ళు పోకముందే వేడికి ఉబ్బి, గోడను పట్టుకొని, ఇంజను బిగుసుకుపోతుంది. రెండింటి మధ్య అంగుళంలో వెయ్యింట రెండు వంతుల సందు ఉండాలి. అది ఒక సన్నని తలవెంట్రుక మందం. అంతకు తగ్గితే ఊపిరాడదు. అంతకు చాలా పెరిగితే పొగ తప్పదు. ఆ సందులో ఆయిలు పొర ఒకటి నిలబడి రెండు లోహాలనూ ఒకదానికొకటి తగలకుండా కాపాడుతుంది.

బ్లాకును బోరింగు షాపులో యంత్రం మీద బిగించిన రోజున నేను సెలవు పెట్టి వెళ్ళాను. మొదటి మూడు సిలిండర్లు నిరాటంకంగా సాగాయి. నాలుగవ దానిలో, నీళ్ళ అరకు దగ్గరైన చోట, పనివాడు యంత్రం ఆపి, లోపల వేలితో తడిమి, గోడను చిన్న సుత్తితో తట్టి విన్నాడు. మేస్త్రిగారు కూడా చెవి పెట్టి విన్నారు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకొన్నారు. “నిదానంగా పో” అన్నారు మేస్త్రిగారు. మామూలుగా తీసే లోతులో సగమే తీస్తూ, ఒక గంటలో కావలసిన పని మూడు గంటలు చేశారు. స్లీవులు దించి, నీటి ఒత్తిడి పెట్టి పరీక్షించినప్పుడు ఎక్కడా చెమ్మ కనబడలేదు. అప్పుడు గాని ఆ పనివాడు టీ తాగలేదు.

తరువాత ఒక్కొక్క స్లీవునూ దాని అంకె గల పిస్టన్ కొలతకు తొలిచి, చివరగా సానరాళ్ళతో నునుపు చేశారు. నునుపు అంటే అద్దం వంటి నునుపు కాదు. ఒకదానినొకటి అడ్డంగా కోసుకొనే సన్నని గీతలు గోడ నిండా ఉంచుతారు. ఆయిలు నిలబడేది ఆ గీతలలోనే.

బిగింపు మేస్త్రిగారి షెడ్డులో జరిగింది. మొదట ప్రతి రింగునూ దాని సిలిండరులోకి విడిగా దించి, రెండు కొసల మధ్య సందును ఫీలరు గేజీతో చూశారు. వెయ్యింట ఎనిమిది నుండి పదమూడు వంతుల అంగుళం వరకు ఉండాలి. మూడవ సిలిండరు పై రింగుకు ఆరే వచ్చింది. కొసను సన్నని ఆకురాయితో రెండుసార్లు రాసి, మళ్ళీ కొలిచి, తొమ్మిదికి తెచ్చారు. రింగు కూడా వేడికి సాగుతుంది. కొసలు ఢీకొంటే విరిగి గోడను చీరుతుంది. ఆ తరువాత రింగులను గాడులలో ఎక్కించి, వాటి సందులు ఒకే వరుసలో పడకుండా చుట్టూ తిప్పారు. వరుసగా పడితే మంట అన్నింటినీ దాటుకొని కిందికి దారి చేసుకొంటుంది. పిస్టన్‌నూ గోడనూ శుభ్రమైన ఆయిలుతో తడిపి, రింగుల చుట్టూ రేకుపట్టీ బిగించి, తల మీది గుర్తు ముందువైపు ఉండేటట్లు చూసి, సుత్తి కర్రపిడితో మెల్లగా తట్టారు. పిస్టన్ ఒక్కొక్క రింగే జారుతూ లోపలికి దిగింది. “బలం పెట్టవలసి వచ్చిందంటే ఎక్కడో తేడా ఉన్నట్టు. అప్పుడు కొట్టకూడదు, బయటికి తీసి చూడాలి” అన్నారాయన. నాలుగింటిలో దేనికీ బలం పెట్టవలసిన పని పడలేదు.

2022 డిసెంబరులో ఒక ఉదయం ఇంజనును మా షెడ్డులోనే మొదటిసారి నడిపారు. లోపల పూసిన ఆయిలు మండి ముందు కొంత తెల్లని పొగ వచ్చింది. పది నిమిషాలలో పలచబడి, పూర్తిగా ఆగిపోయింది. అప్పటికి నాన్నగారికి ఎనభై ఒక్క సంవత్సరాలు. ఆయన కుర్చీ తెప్పించుకొని బానెట్టు పక్కన కూర్చొని, కళ్ళు మూసుకొని విన్నారు. చూపు తగ్గినా ఆ చెవులకు వయసు రాలేదు.

“గ్యాపు ఎంత ఇచ్చాడు?” అని అడిగారు.

“వెయ్యింట రెండు, నాన్నా.”

“నయం. సైజు?”

“స్టాండర్డు.”

ఆయన కళ్ళు తెరిచారు. కొంతసేపు ఏమీ అనలేదు. తరువాత నోటుపుస్తకం తెమ్మన్నారు. అది ఎక్కడ ఉన్నదని నేను అడగలేదు. నాకు ఎలా తెలుసునని ఆయనా అడగలేదు. చివరి పద్దు కింద వణికే అక్షరాలతో ‘బోరు, స్టాండర్డు’ అని రాసి, తేదీ వేసి, దాని పక్కన ‘అమ్మాయి’ అని మాత్రం రాశారు. ఖర్చు రాసేచోట ఖాళీ వదిలారు. “మొదటి వెయ్యి కిలోమీటర్లు తొందరపెట్టకండి” అని మా తమ్ముడికి చెప్పి, ఇంజను ఆపమన్నారు.

బండిలో నుండి తీసిన నలభై సైజు పిస్టన్లు నాలుగూ ఇప్పుడు మా కళాశాల ప్రయోగశాల బల్ల మీద ఉన్నాయి. వాటి తలల మీది నలుపును నేను తుడవలేదు. మొదటి సంవత్సరం విద్యార్థులు స్క్రూగేజీ పాఠం ముగించాక, యాభై నుండి డెబ్బై అయిదు మిల్లీమీటర్ల వరకు కొలిచే పెద్ద మైక్రోమీటరును వారి చేతికిచ్చి, పిస్టన్ వ్యాసం తీయమంటాను. పిన్ను వైపు ఒకసారి, దానికి అడ్డంగా ఒకసారి. రెండు విలువలూ కలవవు. “మేడమ్, నాకు రీడింగు తప్పు వచ్చింది” అంటారు. మళ్ళీ తీయమంటాను. అదే తేడా వస్తుంది. మూడవసారి కూడా అదే వచ్చినప్పుడు, వాళ్ళు మైక్రోమీటరును బల్ల మీద పెట్టి, మొదటిసారిగా పిస్టన్ వైపు చూస్తారు.